కిట్‌లో ట్రాన్స్‌సీవర్ మేలు, పార దండగ

మంచు కొండల్లో స్కీయింగ్ కేంద్రాల హద్దులు దాటి వెళ్లేవారి కోసం, మంచుచరియ జారిపడి ఎవరైనా కూరుకుపోతే తోటివారు వెలికితీసేందుకు, ట్రాన్స్‌సీవర్ (రేడియో సంకేతాలు పంపుతూ, అందుకుంటూ మంచు కింద ఉన్నవారి జాడ చూపే పరికరం), ప్రోబ్ కర్ర (మంచులోకి గుచ్చి మనిషి సరిగ్గా ఎక్కడున్నదీ తేల్చేది), పార కలిపి ఒకే కిట్‌గా అమ్ముతుంటారు. అలాంటి ఒక కిట్‌ను శీతకాలమంతా వాడి చూశాను. దాని ప్రకటన ట్రాన్స్‌సీవర్‌ను వేనోళ్ల పొగిడి, పారను ఒక్క మాటతో సరిపెట్టింది. తయారీలోనూ అదే వరస కనిపించింది.

ట్రాన్స్‌సీవర్‌కు వంక పెట్టడానికి లేదు. ఈ పరికరాలన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి తోటివారి దగ్గర వేరే కంపెనీవి ఉన్నా ఇబ్బంది కలగలేదు. మూడు యాంటెన్నాలు ఉన్నందున, సాధన కోసం మంచులో పాతిన పరికరం ఎటు తిరిగి ఉన్నా బాణం గుర్తు తడబడకుండా దారి చూపింది. వెతికేటప్పుడు ఫోన్ దగ్గరగా ఉంటే తెర మీది అంకెలు గంతులు వేస్తాయి గానీ, కనీసం 50 సెంటీమీటర్ల దూరం పాటించాలన్న జాగ్రత్త ఏ కంపెనీ పరికరానికైనా తప్పనిదే. ప్రోబ్ కర్ర 240 సెంటీమీటర్లు, సరిపోతుంది.

అసలు చిక్కంతా పారతోనే. జారి ఆగిన మంచు చూస్తుండగానే గట్టిపడిపోతుంది. పాత చరియ కుప్ప మీద తవ్వి చూస్తే ఈ ప్లాస్టిక్ పార దిగబడకుండా వంగి, ఎగిరి వెనక్కి వచ్చింది. మీటరు లోతున కూరుకుపోయిన మనిషిని బయటికి తీయాలంటే టన్నుకు పైగా మంచును తోడవలసి రావచ్చు. బతికే అవకాశమేమో మొదటి పది, పదిహేను నిమిషాలు దాటాక వేగంగా పడిపోతుంది. ట్రాన్స్‌సీవర్ ఆదా చేసిన సమయాన్ని ఈ పార అక్కడికక్కడే ఖర్చు చేసేస్తుంది.

పారకు ఇంకో పని కూడా ఉంది, వాలు మీది మంచు జారేలా ఉందో లేదో ముందే పరీక్షించడం. నా దృష్టిలో అదే ముఖ్యం. ఎండ సోకని ఒక వాలులో గొయ్యి తవ్వి, నలువైపులా 30 సెంటీమీటర్లు ఉండే మంచు స్తంభాన్ని విడదీసి, దాని మీద పారను బోర్లించి మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది దెబ్బలు వేసే పరీక్ష చేశాము. మోచేతి దెబ్బలు మొదలైన కాసేపటికే పైనున్న గట్టి పలక మొత్తం నున్నగా తెగి ముందుకు జారిపడింది. దాని కింద, నేలను ఆనుకుని, పంచదార పలుకుల్లా ఒకదానికొకటి అంటుకోని మంచు ఉంది. సీజన్ మొదట్లో పలుచగా కురిసిన మంచు, కింద వెచ్చని నేలకూ పైన ఎముకలు కొరికే చలికీ మధ్య చిక్కుకుంటే ఇలాగే మారుతుంది, దాన్ని తరువాతి మంచు కప్పేస్తే పైకి ఏమీ తెలియదు. ఆ రోజు 30 డిగ్రీలకు మించిన వాలుల జోలికీ, వాటి కిందికీ వెళ్లలేదు. ఈ పరీక్షలోనూ పార మొండి అంచు స్తంభం గోడలను తిన్నగా కోయలేకపోవడంతో మూడుసార్లు తవ్వవలసి వచ్చింది.

కిట్‌గా కొంటే దక్కే తగ్గింపును వదులుకుని, ఇదే ట్రాన్స్‌సీవర్‌ను విడిగా తీసుకుని, పొడవు పెంచుకోగల పిడి ఉన్న అల్యూమినియం పారను వేరే చోట కొనుక్కోవడమే మంచిది.