జాజ్ రికార్డుల కోసం పాత స్పీకర్లకి సిల్క్ డోమ్ ట్వీటర్: కొన్నేళ్లు వాడాక

ట్వీటర్ (స్పీకర్ పెట్టెలో సన్నని పైశబ్దాలు వినిపించే చిన్న స్పీకర్) కొనే ముందు, దానికి కిందిస్థాయి శబ్దాలు వెళ్లకుండా ఆపే కండెన్సర్ మార్చి చూడండి. ఈ ఒక్క పనితో చాలామందికి డబ్బు మిగులుతుంది.

నావి 1970ల నాటి పెట్టెలు. కిందిస్థాయి శబ్దాలకి ఎనిమిదంగుళాల కాగితం కోన్ వూఫర్, దాని పైన చిన్న కాగితం కోన్ ట్వీటర్. సింబల్స్ దుప్పటి కప్పుకుని మోగుతున్నట్టు వినబడేవి. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్తే, పెద్దాయన మల్టీమీటర్ పెట్టి చూశాడు. రెండు ట్వీటర్లూ ఆరు ఓంలకి కాస్త అటూ ఇటూగా చూపించాయి. 8 ఓంల ట్వీటర్‌కి అది సరైన లెక్కే. "కాయిల్‌కేటీ అవ్వలేదు బాబూ, కండెన్సరే పోయింది" అన్నాడు. పాత ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. వాటి బదులు 4.7 మైక్రోఫారడ్ ఫిల్మ్ కండెన్సర్లు వేయించాక పైస్థాయి చాలావరకు తిరిగొచ్చింది.

కొన్నాళ్లకి ఎడమ ట్వీటర్‌లో కాయిల్ రాసుకుని గరగరమనడం మొదలైంది. ఒక్కటే మారిస్తే రెండు పక్కలా ఒకేలా మోగవు కాబట్టి జతగానే మార్చాలి.

మైక్ సెట్ షాపుల్లో దొరికే పియెజో ట్వీటర్లు చవక. డీజే బాక్సులకి సరిపోతాయి గానీ, మైల్స్ డేవిస్ మ్యూట్ పెట్టి వాయించిన ట్రంపెట్ వాటిలో వింటే పళ్లు పులుస్తాయి. హార్న్ ట్వీటర్ మా వూఫర్ కంటే మరీ గట్టిగా మోగుతుంది. చివరికి హైదరాబాద్ కోఠిలో కొన్న ఒక అంగుళం సిల్క్ డోమ్ (గుమ్మటంలా ఉబ్బిన పట్టుబట్ట ట్వీటర్) జతే నిలిచింది.

జాజ్‌లో ట్వీటర్‌కి అసలు పరీక్ష రైడ్ సింబల్. డ్రమ్మర్ జిమ్మీ కాబ్ వాయిస్తుంటే ముందు కర్ర మొన తగిలిన 'టిక్' వినబడాలి, ఆ వెనక ఇత్తడి మోత సన్నగా సాగాలి. కర్ర తగిలిన ఆ దెబ్బ ఎక్కువగా కొన్ని వేల హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, పదిహేను వేల దగ్గర కాదు. అందుకే 20 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుందని డబ్బా మీద రాసింది చూసి మురిసిపోకూడదు. వూఫర్ వదిలేసిన చోటు నుంచి ట్వీటర్ ఎంత సాఫీగా అందుకుంటుందన్నదే చూడాలి. 8 ఓంలకి 4.7 మైక్రోఫారడ్ అంటే కోత (ఏ స్థాయి కిందికి శబ్దం తగ్గడం మొదలవుతుందో ఆ చోటు) దాదాపు 4,200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఒక్క కండెన్సర్‌తో తగ్గేది ఆక్టేవ్‌కి (హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 6 డెసిబెల్సే కాబట్టి, డోమ్ రెజొనెన్స్ (అది తనంతట తానే ఎక్కువగా ఊగే చోటు) వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్నది తీసుకుంటే భద్రం.

వూఫర్ సెన్సిటివిటీ (ఒకే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) 88 డెసిబెల్స్, డోమ్‌ది 91. మూడు డెసిబెల్స్ అంటే రెట్టింపు పవర్‌తో సమానం, చెవికి బాగానే తెలుస్తుంది. ఆ తేడా తగ్గించడానికి ట్వీటర్‌కి వరసలో 2.2 ఓంల రెసిస్టర్, దాని ప్లస్ మైనస్‌ల మధ్య 18 ఓంల రెసిస్టర్ పెట్టాను. వరసలో ఒక్క రెసిస్టరే వేసేస్తే కోత కిందికి జారిపోతుంది, అలా చేయొద్దు. ట్వీటర్ ప్లస్, మైనస్ తీగలు అటూ ఇటూ మార్చి కూడా వినండి. సాక్సోఫోన్ ఎలా పెడితే నిండుగా ఉంటే అలాగే ఉంచుకోండి.

బ్రష్‌లతో వాయించే డ్రమ్స్ ఇప్పుడు చర్మం మీద రాసినట్టే వినబడతాయి, ఇసక రాలినట్టు కాదు. ఎంతసేపు విన్నా చెవి అలసిపోదు. కాకపోతే కోల్‌కతా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన పాత ఎల్పీల చిటపట కూడా విడివిడిగా వినబడుతుంది, కాగితం కోన్ దాన్ని కొంత మింగేసేది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊళ్లో ఉండి జాజ్ వినడమేంటని మా బావ ఎగతాళి చేస్తాడు. ఆయన వినే 78 ఆర్‌పీఎం వయొలిన్ రికార్డులకైతే ఈ ఖర్చు దండగ, అంత పైస్థాయి వాటిలో ఉండదు, గీతల చప్పుడే పెరుగుతుంది.

డోమ్ మీద జిగురు పూత ఉంటుంది, దుమ్ము పట్టిందంటే తుడిచినా పోదు. చిన్నపిల్లలున్న ఇల్లయితే డోమ్ ముందు జాలీ ఉన్న మోడలే తీసుకోండి. మా మేనకోడలు వేలు పెట్టి నొక్కేసిన సొట్టని సెలోటేప్ అంటించి మెల్లగా లాగితే పైకొచ్చింది గానీ, గీత మాత్రం అలాగే ఉండిపోయింది.