ఫ్యామిలీసెర్చ్: ఉత్తరాంధ్ర ఇంటిపేర్లకు ఎంతవరకు పనికొస్తుంది?

వంశవృక్షాలు రాసుకునే ఫ్యామిలీసెర్చ్ పూర్తిగా ఉచితం. కార్డు నంబరు అడగదు, నెల తిరిగాక బిల్లు రాదు. వెబ్‌సైట్‌తో పాటు ఫోన్ యాప్ కూడా ఉంది. అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ కేంద్రంగా, మార్మన్లని పిలిచే చర్చి దీన్ని నడుపుతోంది. దీనికి మూలమైన యూటా వంశచరిత్ర సంఘం 1894 నాటిది. విశాఖలో కూర్చుని వంశవృక్షం మొదలుపెట్టేవారు దీన్ని సేకరించిన పేర్లు దాచుకునే అల్మరాగా చూస్తే నిరాశ ఉండదు. పేర్లు వెతికిపెట్టే చోటు అనుకుంటే మాత్రం మొదటి సాయంత్రమే విసుగొస్తుంది. మనవాళ్ల పేర్లు ఎక్కువగా భూమి కాగితాల్లో ఉన్నాయి, ఆ కాగితాలు ఈ సైట్‌లో లేవు.

ముందు పేర్ల సంగతి. ఈ సైట్‌లో పేరుకో గడి, ఇంటిపేరుకో గడి ఉంటాయి. మన అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు రాసేస్తే అది పేరు గడిలో పడుతుంది. ఆపైన వెతుకులాటలన్నీ తప్పుతాయి. ఇంటిపేరు ‘లాస్ట్ నేమ్స్’లోనే వేయాలి. పొడి అక్షరాలు వద్దు. ‘బి. అప్పలనాయుడు’ అని వేస్తే రెండు తరాల తర్వాత ఆ ‘బి’ ఏమిటో చెప్పేవాళ్లుండరు. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరే అసలు పేరుగా వేసి, అత్తింటిది ‘ఆల్టర్నేట్ నేమ్స్’ కింద పెట్టాలి. గోత్రానికి ప్రత్యేక గడి లేదు కాబట్టి ‘కస్టమ్ ఫ్యాక్ట్’ ఒకటి చేసుకుని అందులో రాయండి.

మన వైపు ఇంకో చిక్కుంది. సింహాద్రి అప్పన్న, పైడితల్లి అమ్మవార్ల పేర్లు ఇంటింటా ఉంటాయి. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో అప్పలస్వాములు నలుగురు, పైడిరాజులు ముగ్గురు ఉండటం వింతేమీ కాదు. సింహాచలం అనే పేరు ఆడవాళ్లకూ ఉంటుంది, మగవాళ్లకూ ఉంటుంది. సైట్ అడిగే ఆడా మగా అన్న చోట ఊహించి టిక్కు పెట్టకండి. తండ్రి పేరు, ఊరు, ఇంటిపేరు మూడూ కలిసినప్పుడే ఇద్దరూ ఒకరేనని ఒప్పుకోవాలి. ‘పాజిబుల్ డూప్లికేట్స్’ అని సైట్ చూపించగానే ‘మెర్జ్’ నొక్కితే ఇద్దరు వేర్వేరు తాతలు ఒకరైపోతారు. మళ్లీ విడదీయొచ్చు, కానీ ఆ పని చాలా చిరాకు.

మేనరికాలు ఈ సైట్‌ను తికమక పెడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి తికమక పడేది నమోదు చేసేవాళ్లే. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ విషయమే చూడండి. ఆమె అక్కకు కూతురిగా అప్పటికే వృక్షంలో ఉంటుంది. భార్యగా చేర్చేటప్పుడు మళ్లీ కొత్త మనిషిని సృష్టిస్తే ఒకే మనిషి రెండు చోట్ల రెండు జీవితాలు గడుపుతుంది. అలా కాకుండా ఆమె పేజీలో పేరు కింద కనిపించే ఐడీ రాసుకుని, భార్యను చేర్చే చోట ఆ ఐడీతోనే వెతికి కలపాలి. అప్పుడు బొమ్మలో ఆమె రెండుసార్లు కనిపించినా మనిషి మాత్రం ఒక్కరే. దత్తతకూ దారుంది. కన్నవాళ్లు, పెంచినవాళ్లు ఇద్దరినీ తల్లిదండ్రులుగా చేర్చి, బంధం రకం దగ్గర ఒకదానికి ‘బయలాజికల్’, ఇంకోదానికి దత్తతను సూచించే రకం పెట్టాలి. దత్తతతో ఇంటిపేరూ గోత్రమూ మారతాయి కాబట్టి పాత పేరును ఆల్టర్నేట్‌గా ఉంచడం మర్చిపోకండి.

ఊరి పేరు దగ్గర కాలం చూసుకోవాలి. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖలో కలిసి, 1950లో సొంత జిల్లా అయింది. కొరాపుట్ వైపు 1936లో ఒడిశాకు పోయింది. విజయనగరం 1979లో విడిపోయింది. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలు 2022లో వచ్చాయి. అందుకే పాత రికార్డుల్లో విశాఖను ‘వైజాగపటం’ (Vizagapatam) అని, శ్రీకాకుళాన్ని ‘చికకోల్’ (Chicacole) అని, భీమిలిని ‘బిమ్లిపటం’ (Bimlipatam) అని ఇంగ్లీషు వర్ణక్రమంతో వెతకాలి. పేరు స్పెల్లింగ్ తేలకపోతే సందేహమున్న ఒక్క అక్షరం చోట ప్రశ్నార్థకం (?), మిగతా తోక మొత్తానికి నక్షత్రం (*) వాడొచ్చు.

ఇక సైట్‌లో వెతికితే నిజంగా దొరికేవి రెండు రకాలు. ఒకటి క్రైస్తవ కుటుంబాలవి, ఆంగ్లో ఇండియన్లవి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల సూచికలు ఇందులో ఉన్నాయి. ఇవి పనికొచ్చేవాళ్లు బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం ‘ఫిబిస్’ (FIBIS) ఉచిత డేటాబేస్‌నూ పక్కనే తెరిచి పెట్టుకోవాలి. రెండోది ఓడెక్కి పోయినవాళ్లది. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు వెళ్లిన లక్షా యాభై వేల మందికి పైగా కూలీల్లో విశాఖ, గంజాం జిల్లాలవాళ్లు చాలామంది ఉన్నారు. ఓడల జాబితాల్లో మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు రాశారు. ఇంటిపేరు మాత్రం సాధారణంగా ఉండదు. అక్కడ తండ్రి పేరో, ‘నాయుడు’ లాంటి బిరుదో తర్వాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. కాబట్టి తప్పిపోయిన కొమ్మను వెతికేవారు ఇంటిపేరు గడిలో తండ్రి పేరు వేసి చూడాలి. నటాల్‌లో చనిపోయినవారి ఆస్తి ఫైళ్లు ఫ్యామిలీసెర్చ్‌లో ఉన్నాయి. వాటిలోని మరణ నోటీసుల్లో తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేర్లు వరసగా దొరికే అవకాశం ఉంది. కొన్ని ఫైళ్ల పక్కన కెమెరా మీద తాళంచెవి గుర్తుంటుంది. అవి ఇంట్లో తెరుచుకోవు, వాళ్ల కేంద్రానికో అనుబంధ గ్రంథాలయానికో వెళ్లి చూడాలి.

హరిద్వార్ పండాల బహీలు, అంటే తీర్థ పురోహితులు యాత్రికుల వంశాలు రాసుకునే పుస్తకాలు కూడా ఇందులో ఉన్నాయని విని మనవాళ్లు ఆశపడతారు. ఆ సేకరణ ఎక్కువగా హరిద్వార్, కురుక్షేత్ర లాంటి తీర్థాలది. మన తాతలు పిండాలు పెట్టింది గయలో, వెళ్లివచ్చింది పూరీకి. అక్కడి పండాలను నేరుగా అడగడమే మేలు.

మిగతా అందరికీ అసలు పని మన కాగితాల్లోనే. ప్రభుత్వ భూరికార్డుల సైట్ మీభూమి పోర్టల్‌లో 1బి (యజమాని ఖాతా), అడంగల్ (సాగు వివరాలు) తీసి సర్వే నంబరు పట్టుకోండి. రీసర్వే అయిన ఊళ్లలో దాని బదులు ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు కనిపిస్తుంది, పాత సర్వే నంబరుతో పొంతన అడిగి రాయించుకోవాలి. ఆ నంబరుతో తహసీల్దారు ఆఫీసులో, కలెక్టరేట్ రికార్డు రూములో వెనక్కి వెళ్లాలి. ప్రభుత్వ గ్రామమైతే డైగ్లాట్ అనే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్), జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఈనాం భూమైతే 1860ల నాటి ఈనాం ఫెయిర్ రిజిస్టరు అడగాలి. ఏ రకం గ్రామమో తెలియకుండా వెళ్తే ‘రికార్డు లేదు’ అనే జవాబే వస్తుంది. ఈ రికార్డుల్లో వాడే రెవెన్యూ సంవత్సరం ఫసలీ, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1360 అంటే 1950–51. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచి మాత్రమే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. వెతికించేటప్పుడు క్రయ దస్తావేజుల కంటే ముందు పంపకాల దస్తావేజు అడగండి. ‘ఫలానా గ్రామ కాపురస్థులు, ఫలానా వారి కుమారులు’ అంటూ అన్నదమ్ములందరి పేర్లూ, చనిపోయిన తండ్రి పేరూ అందులో ఒక్కచోటే ఉంటాయి. ఒక్క కాగితంతో రెండు తరాలు తేలతాయి. గొలుసుకట్టు రాతైతే చదవగలిగిన పెద్దాయనను పట్టుకోవాల్సిందే, ఫ్యామిలీసెర్చ్‌లో రాతను చదివి వెతికే ఫుల్‌టెక్స్ట్ సెర్చ్ మీద ఆశ పెట్టుకోకండి.

బర్మా నుంచి తిరిగొచ్చిన, కంచరపాలెం బర్మా క్యాంపు వైపు కుటుంబాలకు కాగితాల కంటే ముందు మాటలు ముఖ్యం. యాప్‌లో పెద్దవాళ్ల గొంతు రికార్డు చేసి వారి పేరుకే జోడించే వీలుంది. ఈ ఒక్క సదుపాయానికే యాప్ దించుకోవచ్చు.

చేరేముందు తెలుసుకోవాల్సినవి రెండు. ఇక్కడ ఎవరి వృక్షం వారిది కాదు, లోకమంతటికీ ఒకటే. బతికున్నవాళ్ల వివరాలు మామూలుగా చేర్చినవారికే కనిపిస్తాయి, చనిపోయినవారివి ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. ముఖ్యమైన పేర్ల దగ్గర ‘ఫాలో’ నొక్కి ఉంచితే మార్పులు ఈమెయిల్‌లో వస్తాయి, తప్పుంటే ‘లేటెస్ట్ ఛేంజెస్’లోకి వెళ్లి వెనక్కి తిప్పొచ్చు. రెండోది, ఆ చర్చి సభ్యులు చనిపోయినవారి పేరున జ్ఞానస్నానం లాంటి కర్మలు జరిపేది ఈ వృక్షం ఆధారంగానే. తమ సొంత పూర్వీకులకు, బంధువులకే చేయాలన్నది వాళ్ల నియమం. ఇంట్లో పెద్దలకు ఇది నచ్చకపోవచ్చు. అడిగి చేర్చండి.

అభ్యంతరం ఉన్నవాళ్లకు గ్రాంప్స్ అనే ఉచిత వంశవృక్ష సాఫ్ట్‌వేర్ ఉంది. సొంత కంప్యూటర్‌లోనే నడుస్తుంది, తెలుగు లిపి రాసుకోవచ్చు. ఫ్యామిలీసెర్చ్ వాడేవారు కూడా దీన్ని పక్కన ఉంచుకోవడం మంచిది. ఎందుకంటే ఫ్యామిలీసెర్చ్ వృక్షాన్ని గెడ్‌కామ్ (వంశవృక్ష సాఫ్ట్‌వేర్లన్నీ చదవగలిగే) ఫైలుగా నేరుగా దించుకునే మీట ఆ సైట్‌లో లేదు, దానికి రూట్స్‌మ్యాజిక్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.