బిస్కెట్, స్కోన్, కుకీ: మీ ఓవెన్‌కి ఏది మేలు?

లండన్‌లో కొన్నేళ్లు ఉండి టెక్సాస్‌కి మారిన కొత్తలో, ఒక హోటల్లో పొద్దున టిఫిన్‌కి బిస్కెట్ చెప్పాను. టీ కప్పు పట్టుకుని ఎదురు చూస్తుంటే, పొగలు కక్కే బన్నులాంటిది ఒకటి, దాని నిండా తెల్లటి చిక్కటి గ్రేవీ పోసి తెచ్చారు. ఆ గ్రేవీలో పంది మాంసపు సాసేజ్ ముక్కలున్నాయి. నేను మాంసం తినను. ఆ రోజు ఆకలితోనే ఆఫీసుకు వెళ్లాను.

మొన్న మా వదిన గుంటూరులో కొత్త ఓవెన్ కొనుక్కుని, "స్కోన్లు చెయ్యనా, అమెరికా బిస్కెట్లు చెయ్యనా, కుకీలు చెయ్యనా?" అని అడిగితే ఇదంతా మళ్లీ గుర్తొచ్చింది.

మనం బిస్కెట్ అనే మాటను బ్రిటిష్ వాళ్ల నుంచి తీసుకున్నాం. అందుకే మనకీ వాళ్లకీ అది టీలో ముంచుకునే కరకరలాడే బిళ్లే. అమెరికాలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, బిస్కెట్ అంటే పైన కాస్త కరకర, లోపల పొరలు పొరలుగా మెత్తగా ఉండే ఉప్పటి రొట్టె. ఈస్ట్ వెయ్యరు, బేకింగ్ పౌడరే పొంగిస్తుంది. బ్రిటన్‌లో దీనికి దగ్గరి చుట్టం స్కోన్. పిండి కలిపే పద్ధతి దాదాపు ఒకటే, కానీ స్కోన్‌లో కొంచెం చక్కెర, చాలాసార్లు గుడ్డు కూడా పడతాయి. మధ్యాహ్నం టీతో పాటు జామ్, గడ్డ మీగడ రాసుకుని తింటారు. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో మీగడ ముందు రాస్తారు, పక్కనున్న కార్న్‌వాల్‌లో జామ్ ముందు. ఈ విషయంలో రెండు ప్రాంతాలవాళ్లూ తగ్గరు. అమెరికా కాఫీ షాపుల్లో స్కోన్ పేరుతో అమ్మే మూడు మూలల ముక్క మరీ తియ్యగా, పైన చక్కెర పూతతో ఉంటుంది. దాన్ని చూసి అసలు స్కోన్ మీద అభిప్రాయానికి రాకండి.

ఈ రెండింట్లో నా ఓటు అమెరికా బిస్కెట్‌కే. స్కోన్‌కి మంచి మీగడ లేకపోతే అందం లేదు, చల్లారితే గొంతుకి అడ్డం పడుతుంది. బిస్కెట్ ఉప్పగా ఉంటుంది కాబట్టి వెన్న, తేనెతోనూ బాగుంటుంది, మన టమాటా పచ్చడితోనూ బాగుంటుంది. గుడ్డు అక్కర్లేదు. బయట కొనేటప్పుడు మాత్రం పంది కొవ్వు వేశారేమో అడగాలి.

వదినకు చెప్పిన కొలత ఇది: మైదా 250 గ్రాములు, 3 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న 85 గ్రాములు. వెన్నను వేళ్లతో పిండిలో నలపాలి, చిన్న చిన్న ముక్కలు మిగలాలి. ఆ ముక్కల్లోని నీరు ఓవెన్ వేడికి ఆవిరై పొరల్ని లేపుతుంది. వెన్న ముందే కరిగిపోతే పొరలు రావు. తర్వాత బటర్‌మిల్క్. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. అది మన పలచటి మజ్జిగ కాదు, చిక్కగా పుల్లగా ఉంటుంది. పెరుగులో కొద్దిగా నీళ్లు చిలికి 180 మిల్లీలీటర్లు పొయ్యండి. ఎక్కువ పిసకకుండా రెండు మూడు మడతలు వేసి, మందంగా ఒత్తి, గుండ్రంగా కోసి, 220 డిగ్రీల సెల్సియస్‌లో 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి. మన దగ్గర దొరికే ప్యాకెట్ వెన్నలో ఎక్కువగా ఉప్పుంటుంది కాబట్టి వేరే ఉప్పు చిటికెడు చాలు.

ఇక బ్రిటన్ బిస్కెట్, అమెరికా కుకీ. బిస్కెట్ అనే మాట రెండుసార్లు కాల్చినది అనే అర్థమున్న లాటిన్ మాటల నుంచి వచ్చింది. ఆ లెక్కన చూస్తే ఇరానీ చాయ్‌లో ముంచే మన రస్కే ఆ పేరుకి అసలైన హక్కుదారు! కుకీ డచ్ మాట, చిన్న కేక్ అని అర్థం. చాక్లెట్ చిప్ కుకీని 1930ల్లో మసాచుసెట్స్‌లో టోల్ హౌస్ అనే హోటల్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ చేసింది. బెల్లం వాసన వచ్చే బ్రౌన్ షుగర్ తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి అది నమిలితే మెత్తగా సాగుతుంది. వేడి టీలో ముంచితే చాక్లెట్ కరిగి టీ రుచే పోతుంది. అమెరికన్లు చల్లటి పాలలో ముంచుకుంటారు, అదే సరి. టీకి మాత్రం బ్రిటన్ డైజెస్టివ్ బిస్కెట్‌కి, వెన్న దండిగా వేసే షార్ట్‌బ్రెడ్‌కి సాటి లేదు. ఒంటరిగా ఒక్కటి తిని తృప్తి పడాలంటే కుకీ.

కేక్‌కీ బిస్కెట్‌కీ తేడా ఏమిటన్న గొడవ బ్రిటన్‌లో 1991లో పన్నుల ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. చాక్లెట్ పూసిన బిస్కెట్‌కి అక్కడ వ్యాట్ కట్టాలి, కేక్‌కి అక్కర్లేదు. మరి మెత్తటి స్పాంజ్ మీద నారింజ జెల్లీ పెట్టి చాక్లెట్ పూసిన జాఫా కేక్ ఏది? నిలవ ఉంటే బిస్కెట్ మెత్తబడుతుంది, కేక్ గట్టిపడుతుంది. జాఫా కేక్ గట్టిపడింది. ఇలాంటి గుర్తులన్నీ చూసి అది కేకే అని తేల్చారు. వానాకాలంలో మూత తీసి పెట్టిన బిస్కెట్ డబ్బా ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ గుర్తు తెలిసిందే.

బిస్కెట్‌లాగే మఫిన్ కూడా బ్రిటన్‌లో ఒకటి, అమెరికాలో ఇంకొకటి. ఇంగ్లిష్ మఫిన్ ఈస్ట్‌తో పొంగి పెనం మీద కాలే చప్పటి రొట్టె, అమెరికా మఫిన్ కప్పు ఆకారంలో ఉండే తియ్యటి కేక్. పొద్దున్నే ఇంగ్లిష్ మఫిన్ తింటే కడుపు నిలబడుతుంది. ఫ్లాప్‌జాక్ బ్రిటన్‌లో ఓట్స్ చిక్కీలాంటిది, అమెరికాలో పాన్‌కేక్.

శాకాహారులు బ్రిటన్‌లో బ్లాక్ పుడింగ్ పేరు చూసి స్వీటనుకోకండి, అది పంది రక్తంతో చేస్తారు. క్రిస్మస్‌కి పెట్టే మిన్స్ పైలో ఎండుపళ్లే ఉన్నా, పశువుల కొవ్వు కలిపే అలవాటుంది. అడిగి తినండి.

అమెరికన్లు కప్పులతో కొలుస్తారు, బ్రిటన్‌లో గ్రాముల్లో తూస్తారు. కొలతల్లో నేను బ్రిటన్ పక్షమే. కప్పులో పిండి వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమితే 150 దాకా పడుతుంది. వదినకి ఓవెన్ తర్వాత కొనమన్నది చిన్న కాటానే.