యాక్సిలరేటర్ వదిలేసినా ఆగని బండి: సెకండ్ హ్యాండ్ బైకు కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ కొనాలని చూస్తున్న వారందరికీ ఒక మనవి. దుకాణం వారు తాళం చేతికిచ్చి వీధి చివరి దాకా వెళ్లి రమ్మంటే, ఆ ఒక్క ట్రయల్‌తో తృప్తిపడి డబ్బు చెల్లించకండి. నేను అలాగే చెల్లించాను. మూడు వారాలైనా తిరగకముందే ఆ బండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసిన తర్వాత కూడా, నిండు ట్రాఫిక్‌లో దానంతట అదే ముందుకు ఉరికింది. అప్పుడు వెనుక సీటు మీద నా భార్య కూర్చుని ఉంది.

బండి 2018 మోడల్, 150 సీసీ, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న ఇంజిన్. మీటరు మీద 31,000 కిలోమీటర్లు కనిపించాయి. 48,000 రూపాయలకు బేరం కుదిరింది. ట్యాంకుకు పాలిష్ పెట్టి, సీటుకు కొత్త కవరు తొడిగి, టైర్లకు నలుపు పూసి ఉంచారు. బిల్లు మీద ‘కార్బురేటర్ సర్వీసింగ్ చేయబడినది’ అని చేతిరాతతో రాసి ఇచ్చారు. ఆ రోజు ఆ మాటను భరోసాగా తీసుకున్నాను. దాని అసలు విలువ తర్వాత తెలిసింది.

ఏప్రిల్ నెల సాయంత్రం, నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్ వైపు వెళ్తున్నాం. అప్పటికే అరగంటగా నడుస్తున్న బండి, ఇంజిన్ బాగా వేడెక్కి ఉంది. ముందు సిగ్నల్ పడింది, యాక్సిలరేటర్ వదిలాను. ఇంజిన్ చప్పుడు తగ్గాల్సింది పోయి పెరిగింది. రెండో గేరులో ఉన్న బండి నా ముందున్న ఆటో వైపు లాక్కుపోతోంది. రెండు బ్రేకులూ పట్టుకుని క్లచ్ నొక్కేసరికి చక్రానికి ఇంజిన్ పట్టు తప్పింది కానీ, ఇంజిన్ మాత్రం గొంతు చించుకున్నట్టు అరుస్తూ ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లును నాలుగు వేలు దాటించింది. మామూలుగా అది 1,400 దగ్గర నిలవాలి. కుడిచేతి దగ్గరి ఎర్ర స్విచ్ నొక్కాక గానీ శబ్దం ఆగలేదు. ఆటో వెనుక బంపరుకు, మా ముందు చక్రానికి మధ్య జానెడు దూరం కూడా లేదు.

ఇలాంటి స్థితి మీకు ఎదురైతే మొదట క్లచ్ నొక్కండి, రెండు బ్రేకులూ పట్టండి, ఆపైన కిల్ స్విచ్, అంటే ఇంజిన్‌ను ఆపే ఆ ఎర్ర స్విచ్, నొక్కండి. యాక్సిలరేటర్‌ను వెనక్కూ ముందుకూ తిప్పుతూ చూస్తూ కూర్చుంటే ఆ రెండు క్షణాలలోనే ప్రమాదం జరిగిపోతుంది. స్కూటర్లకు చేతితో నొక్కే క్లచ్ ఉండదు కాబట్టి వాటి మీద ఉన్నవారు బ్రేకులు పట్టి వెంటనే స్విచ్ గానీ తాళం గానీ ఆఫ్ చేయాలి. బండి కదులుతున్నప్పుడు తాళాన్ని హ్యాండిల్ లాక్ దాకా మాత్రం తిప్పకూడదు. మీ బండి కిల్ స్విచ్ పనిచేస్తోందో లేదో ఈ రోజే ఇంటి ముందు నిలబెట్టి ఒకసారి చూసుకోండి. నేను ఆ క్షణం వరకు దాన్ని ఒక్కసారి కూడా వాడి ఎరగను.

మర్నాడు చూపించిన మెకానిక్ స్లో స్పీడ్ స్క్రూను (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని సరిచేసే మర) తగ్గించి, ‘అయిపోయింది సార్’ అన్నాడు. ఫలితంగా చల్లటి ఇంజిన్ ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగిపోవడం మొదలైంది, వేడెక్కాక రేస్ అవడం మాత్రం తగ్గలేదు. రెండో మెకానిక్ యాక్సిలరేటర్ కేబుల్ మార్చాడు. ఆ అనుమానం సబబైనదే. కేబుల్ లోపల తీగ పోగులు తెగి ఇరుక్కున్నా, హ్యాండిల్ తిప్పినప్పుడు ఎక్కడైనా నొక్కుకుపోయి బిగుసుకున్నా బండి ఇలాగే ప్రవర్తిస్తుంది. కానీ నా బండిలో తప్పు అక్కడ లేదు. కొత్త కేబుల్‌తో కూడా మూడో రోజున మళ్లీ అదే జరిగింది.

చివరికి పుత్లీబౌలి దగ్గర స్పేర్ పార్టుల కోసం వెళ్లినప్పుడు ఒక పెద్దాయన దగ్గరికి పంపారు. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. ముందు బండిని ఇరవై నిమిషాలు నడిపి తెమ్మన్నారు. తెచ్చాక ఇంజిన్ ఆఫ్ చేయనివ్వకుండా, సబ్బు నీళ్లు నింపిన స్ప్రే సీసాతో కార్బురేటర్‌కు, ఇంజిన్‌కు మధ్యనున్న మ్యానిఫోల్డ్ రబ్బరు చుట్టూ చల్లారు. పై నుంచి చల్లినప్పుడు ఏమీ కాలేదు. సీసా మూతిని కింది వైపు తిప్పి చల్లగానే అంతసేపూ రేస్ అవుతున్న ఇంజిన్ ఒక్కసారిగా సద్దుమణిగింది, నీళ్లు ఆరిపోగానే మళ్లీ లేచింది. ‘గాలి తాగుతోంది సార్, ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించారు.

రబ్బరు విప్పి నా చేతిలో పెట్టారు. పైకి నున్నగా, నల్లగా ఉంది. కింది వైపు వంచి చూస్తే వేలి గోరు పట్టేంత చీలిక, దాని మీద నల్లటి సిలికాన్ సీలెంట్ పూత. ఆ పూత ఒక అంచున పెట్రోలుకు ఉబ్బి, మీగడలా మెత్తబడి, గోటితో గీరితే పొరలు పొరలుగా లేచి వచ్చింది. మామూలు సిలికాన్ సీలెంట్ పెట్రోలుకు తట్టుకోదు. కొద్ది రోజులు పట్టి ఉంచి తర్వాత వదిలేస్తుంది. నేను కొన్న రోజున బండి బుద్ధిగా నడవడానికీ, మూడు వారాల లోపే తిరగబడటానికీ కారణం ఇదే.

దీని వెనుకనున్న సంగతి తెలిస్తే ఎవరూ మిమ్మల్ని స్క్రూ తిప్పి పంపలేరు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కార్బురేటర్ గాలి దారిని దాదాపుగా మూసేస్తుంది, ఆ కొద్దిపాటి గాలితోనే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది. కార్బురేటర్‌కు అవతల, రబ్బరులో చీలిక ఉంటే గాలి అటు నుంచి దొంగదారిన లోపలికి పోతుంది, అంటే మీరు మూసిన తలుపు పక్కన ఇంకో తలుపు తెరిచి ఉన్నట్టే. కొత్త కేబుల్ గానీ, స్లో స్పీడ్ స్క్రూ గానీ ఆ రెండో తలుపును మూయలేవు. స్క్రూ తగ్గించడం వల్ల లోపం కొన్నాళ్లు కనబడకుండా పోతుంది, ఇంజిన్ వేడెక్కి రబ్బరు మెత్తబడి చీలిక విచ్చుకోగానే బయటపడుతుంది. పైగా గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమంతో నడిచే ఇంజిన్ అతిగా వేడెక్కుతుంది కూడా.

కొత్త రబ్బరు ఖరీదు 380 రూపాయలు. ఇంత చిన్న వస్తువును మార్చకుండా సీలెంట్ పూసి అమ్మారన్నదే నన్ను ఎక్కువగా బాధపెడుతోంది. ఆ పూత ఎవరి చేతిదో నేను చూడలేదు. అయితే కార్బురేటర్‌ను సర్వీసింగ్ కోసం విప్పిన వారెవరైనా ఆ రబ్బరును చేతితో పట్టుకోక తప్పదు, సర్వీసింగ్ చేశామని బిల్లు మీద రాసింది దుకాణం వారే. వెళ్లి అడిగితే ‘సెకండ్ హ్యాండ్ బండికి గ్యారంటీ ఎక్కడుంటుంది సార్’ అన్నారు. గ్యారంటీ లేకపోవడం వేరు, మనిషి ప్రాణం మీదికి తెచ్చే లోపాన్ని పూత వేసి కప్పిపెట్టడం వేరు.

అందువల్ల కొనేముందు దయచేసి ఇవి చూసుకోండి. దుకాణానికి చెప్పకుండా ఉదయాన్నే వెళ్లి, ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాకే స్టార్ట్ చేయించండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే యాక్సిలరేటర్‌ను పూర్తిగా తిప్పి వదలండి. హ్యాండిల్ నిటారుగా ఉన్నా, ఎడమకు తిప్పినా, కుడికి తిప్పినా అది టక్కుమని వెనక్కి రావాలి. తిప్పడం మొదలుపెట్టాక కేబుల్ బిగిసే లోపు గ్రిప్ అంచు దగ్గర సుమారు 2 నుంచి 6 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడండి. అప్పుడు శబ్దం పెరిగితే కేబుల్ దారి తప్పి బిగుసుకుంటోందని అర్థం. అందం కోసం కొత్త గ్రిప్‌లు తొడిగిన బండిలో గ్రిప్ అంచు హ్యాండిల్ చివర బిగించిన బరువు ముక్కకు రాసుకుని ఇరుక్కోవడం కూడా ఉంటుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, కనీసం ఇరవై అయిదు నిమిషాల ట్రయల్. సిగ్నళ్లు ఉన్న దారిలో, ఎండ పూట, ఇంజిన్ బాగా వేడెక్కే దాకా నడపండి. అంతదూరం ఒప్పుకోని దుకాణంలో కొనకండి. తిరిగి వచ్చాక టార్చి వేసి మ్యానిఫోల్డ్ రబ్బరును కింది వైపు నుంచి చూడండి. అక్కడ కొత్తగా నల్లటి పూత కనిపిస్తే ఆ బండిని వదిలేయండి. సబ్బు నీళ్ల పరీక్ష చేయమని మీ మెకానిక్‌ను అడగవచ్చు. కొందరు నీళ్లకు బదులు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటం, ఒప్పుకోకండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో ఎక్కువ శాతం కార్బురేటర్‌కు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి కనుక, వాటిలో గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ బాడీలో మసి చేరడం, ఐడ్లింగ్ గాలిని సరిచూసే వాల్వ్ ఇరుక్కోవడం, థ్రాటిల్ సెన్సర్ తప్పుగా చూపడం వంటివి కారణం కావచ్చు. వాటిని స్కానర్ (బండి ఎలక్ట్రానిక్ లోపాలను చదివే పరికరం) ఉన్న చోట చూపించాలి. రబ్బరు చీలిక మాత్రం వాటికీ ఉండవచ్చు.

కారణం దొరికేదాకా అలాంటి బండిని ‘జాగ్రత్తగా నడుపుతాను’ అనుకుంటూ రోడ్డు ఎక్కించకండి. నేను మధ్యలో నాలుగు రోజులు అలా నడిపాను, అది నా తప్పు.

కాగితాల విషయం కూడా ఒక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాలు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధికారపత్రం తీసుకోవాలన్న నిబంధన అమలులో ఉంది. ముందే దాన్ని చూపించమని అడగండి. బిల్లులో చేసిన మరమ్మతులన్నీ రాయించుకోండి, ఎందుకంటే నోటిమాట ఫిర్యాదులో నిలవదు. దుకాణం ద్వారా కొన్న వస్తువులో లోపం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదు రుసుము కూడా ఉండదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. నేను నమోదు చేశాను, దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు కూడా పంపాను.

మెకానిక్ తీసేసిన భాగాన్ని చెత్తలో వేయనివ్వకండి, అడిగి తెచ్చుకోండి. ఆ పాత రబ్బరును, సీలెంట్ పొరలతో సహా, తేదీ రాసిన కవరులో పెట్టి బిల్లుతో కలిపి భద్రపరిచాను. కమిషన్ ముందు చూపించడానికి నా దగ్గరున్న సాక్ష్యం అదే.