రోగి తన కష్టం ఎవరికి చెప్పుకుంటాడు? ఫారమా, డాక్టరా, ఆరోగ్య కార్యకర్తా: ఏది మేలు?

మధుమేహం అదుపులోకి రావడం లేదని డాక్టరు ఇన్సులిన్ మోతాదు పెంచుతారు. నెలాఖరుకు ఆ ఇంట్లో తిండికి కటకటగా ఉంటుందని ఆయనకు తెలియకపోతే, ఆ పెంచిన మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది. 2014లో వెలువడిన ఒక అధ్యయనం కోసం కాలిఫోర్నియా ఆసుపత్రుల లెక్కలు పరిశీలించారు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రిలో చేరిన పేదల సంఖ్య నెల మొదటి వారంకంటే చివరి వారంలో 27 శాతం ఎక్కువని తేలింది. కలిగినవాళ్లలో ఆ తేడా కనబడలేదు.

అందుకే తిండి గురించి, ఇంటి అద్దె గురించి, ఆసుపత్రికి వచ్చే దారి గురించి రోగిని అడిగి తీరాలని నా గట్టి అభిప్రాయం. ఎవరు అడిగితే నిజం బయటికి వస్తుందన్న దగ్గరే ఆలోచించాలి.

మొదట ఆసుపత్రిలో నింపమని ఇచ్చే ప్రశ్నల ఫారం. దీనిలో ఒక న్యాయం ఉంది: మనిషి బట్టలు చూసి, మాట తీరు చూసి అంచనా వేయకుండా అందరినీ ఒకే మాట అడుగుతుంది. ఇంట్లో తిండి కొరతను పసిగట్టడానికి రెండే రెండు ప్రశ్నలు చాలని 2010లో పిల్లల వైద్య పరిశోధకులు చూపించారు. కొరత ఉన్న ప్రతి వంద కుటుంబాల్లో 97 కుటుంబాలను ఆ రెండు ప్రశ్నలు పట్టుకోగలిగాయి. ఇంట్లో కొడుతున్నారన్న సంగతి ఎదుటి మనిషి ముఖం చూస్తూ చెప్పలేనివాళ్లు కాగితం మీద టిక్కు పెట్టగలరు కూడా. కొట్టే మనిషి పక్క కుర్చీలో కూర్చుని ఉండకూడదు, అంతే.

కానీ ఫారానికి ఎదురు ప్రశ్న వేయలేం. ఇది ఎవరు చదువుతారు? పిల్లలకు తిండి సరిపోవడం లేదని రాస్తే, అధికారులు వచ్చి పిల్లలను తీసుకుపోతారా? ఈ భయం ఉన్న తల్లి 'లేదు' అనే రాస్తుంది. ఆమెను తప్పుపట్టలేను.

డాక్టరు అడిగితే మాటకు విలువ ఎక్కువ. చిక్కల్లా వ్యవధితోనే. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నారని 1984 నాటి ఒక అధ్యయనం చెప్పింది. అమెరికాలో 29 మంది డాక్టర్లు, వారి దగ్గర వైద్యం పొందుతున్న 891 మంది మధుమేహ రోగులపై చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. సహానుభూతి కొలమానంలో ఎక్కువ మార్కులు వచ్చిన డాక్టర్ల రోగులకే చక్కెర బాగా అదుపులో ఉంది. కారణం ఇదేనని ఆ లెక్కలు రుజువు చేయలేవు గానీ, ఆ సంబంధాన్ని కొట్టిపారేయలేం.

డాక్టరు పెద్ద జాబితా చదవనక్కర్లేదు. 'తిండి సరిగా దొరకని రోజున ఈ మందు ప్రమాదం. అందుకే అందరినీ అడుగుతాను, మీకు అలాంటి రోజులు ఉంటున్నాయా?' అంటే చాలు. ఎందుకు అడుగుతున్నారో తెలిసినప్పుడు సిగ్గు సగం తగ్గుతుంది. కారణం కనుక్కోకుండా 'చెప్పిన మాట వినడు, మందులు వాడడు' అని కేసు షీటులో రాసేస్తే, ఆ ముద్ర తర్వాత చూసే ప్రతి డాక్టరు కంటా పడుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఇక ఆరోగ్య కార్యకర్త. బ్రెజిల్‌లో 1990ల నుంచి ఇలాంటి కార్యకర్తలు ఇంటింటికీ వెళ్తున్నారు. రోగులను స్థానిక సేవలతో కలిపే ఉద్యోగులను పెద్ద సంఖ్యలో నియమిస్తామని ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ 2019 ప్రణాళికలో ప్రకటించింది. వీళ్లకు కూర్చుని వినే తీరిక ఉంటుంది. దరఖాస్తు నింపిపెడతారు, కార్యాలయానికి తోడు వెళ్తారు, వారం తర్వాత ఫోను చేస్తారు. చాలామంది తామూ అలాంటి బతుకు నుంచే వచ్చినవాళ్లు. అయినా వాళ్లు ఇల్లు కట్టి ఇవ్వలేరు. రోగుల తిండి, ఇల్లు వంటి అవసరాలు అడిగి తెలుసుకోవడానికి 2017లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన ఐదేళ్ల కార్యక్రమంలో సాయం ఇస్తామంటే ఎక్కువమంది ఒప్పుకున్నారు. అవసరం తీరినట్లు నమోదైంది మాత్రం సగంకంటే తక్కువ మందికే.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు కార్యకర్తకే, రోగిని ఆమె దగ్గరికి డాక్టరు స్వయంగా పరిచయం చేసి పంపాలన్న షరతుతో. కార్యకర్తను పెట్టుకునే స్తోమత లేని చోట డాక్టరు ప్రశ్నే మేలు. మోతాదు మార్చడం, చవకైన మందు రాయడం, బస్సు దొరికే వేళకు అపాయింట్‌మెంటు ఇవ్వడం ఆయన చేతిలో పనులే. ఫారాన్ని ఈ రెండింటిలో ఏదో ఒకదానికి తోడుగా వాడవచ్చు. నింపిన ఫారం చదివి కదిలే మనిషి లేని ఆసుపత్రి మాత్రం దాన్ని ఇవ్వకపోవడమే మంచిది. ఇంట్లో తిండి లేదని రాసి, ఎవరూ పలకరించక వెనుదిరిగిన మనిషి మరోసారి అడిగితే అన్నీ బాగున్నాయనే చెబుతాడు, మానేసిన మందుల సంగతి సహా.