శనాదివారాలు రెండేళ్లు, ఫీజు లక్షన్నర: ఇండస్ట్రియల్ సైకాలజీ పీజీ చేసొచ్చాక

ముందే చెప్పేస్తున్నా, కాలేజీ పేరు రాయను. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు, వాళ్లతో పని ఉంది. సైకాలజీ పీజీ, అందులో స్పెషలైజేషన్ ఇండస్ట్రియల్ అండ్ ఆర్గనైజేషనల్, అంటే పనిచేసే చోట మనుషుల గురించి, వాళ్లని ఎంచుకోవడం గురించి చదివేది, మేమంతా ఐఓ అనేవాళ్లం. నాలుగు సెమిస్టర్లు, క్లాసులు శనాదివారాలే, రెండేళ్లకు కలిపి 1,50,000 కట్టాను, పరీక్ష ఫీజులు వేరే. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో రిక్రూట్‌మెంట్ చూస్తాను. తొమ్మిదేళ్లుగా రోజుకు ఆరేడు ఇంటర్వ్యూలు చేసి చేసి, అసలు నేను మనుషుల్ని సరిగ్గా ఎంచుతున్నానా అనే అనుమానం పట్టుకుని ఇందులో చేరాను. ఆ అనుమానం తీరలేదు సరికదా, ఇప్పుడు దానికి దశాంశాలు కూడా వచ్చి చేరాయి.

5కి 3.5 ఇస్తున్నా. అందులో రెండు స్టాటిస్టిక్స్ చెప్పిన సార్‌వి, ఒకటిన్నర జీడిమెట్లలో ప్యాకింగ్ చేసే ఒక అక్కది. కాలేజీకంటూ విడిగా ఏమీ మిగల్లేదు.

అడ్మిషన్ దగ్గర్నుంచే చెప్పాలి. ముగ్గురు కూర్చున్నారు. మీ గురించి చెప్పండి అన్నారు, మావారు ఏం చేస్తారని అడిగారు, పిల్లల్ని పెట్టుకుని శనాదివారాలు ఎలా వస్తారన్నారు, సొంతూరు ఏదన్నారు. నల్గొండ అనగానే వాళ్లలో ఒకాయన మొహం వెలిగిపోయింది, ఆయనదీ అటేనట, ఇక మాటంతా నాగార్జునసాగర్ మీదికి పోయింది, సీటు వచ్చేసింది. సంతోషంగానే ఇంటికొచ్చాను. మూడో సెమిస్టర్‌లో ఉద్యోగుల ఎంపిక పేపర్ తెరిస్తే, ఒక్కొక్కరిని ఒక్కో ప్రశ్న అడిగితే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదని, ఇంటర్వ్యూ చేసేవాళ్లు తమలాంటి వాళ్లు కనబడితే తెలియకుండానే మార్కులు ఎక్కువేస్తారని మొదటి యూనిట్‌లోనే ఉంది. మా బ్యాచ్‌లో ఆర్టీసీలో పనిచేసే అన్న ఒకాయన ఉండేవాడు, పక్కకు తిరిగి "నిన్నేం అడిగారన్నా" అంటే "ఏ డిపో అన్నరు, మా పిల్లకు పాస్ తొందరగ ఇప్పిస్తవా అన్నరు" అన్నాడు. క్లాసులో ఇద్దరం నవ్వాపుకోలేక బయటికొచ్చేశాం.

మొదటి సెమిస్టర్ గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. మనిషి ఎందుకు పనిచేస్తాడో చెప్పే పాత సిద్ధాంతాలే, మాస్లో 1943, హెర్జ్‌బర్గ్ 1959, వ్రూమ్ 1964, ఎంబీఏలో హెచ్ఆర్ చదివినవాళ్లు నిద్రలో లేపినా రాస్తారు. నోట్సు ఎన్నో తరం జిరాక్సో తెలీదు, ఎప్పటిదో పాత బ్యాచ్ అమ్మాయి అంచులో రాసుకున్న 'ఇంపార్టెంట్' కూడా దాంతోపాటు అచ్చయి వచ్చింది. హాథార్న్ ప్రయోగాలు ఒక వారమంతా నడిచాయి. షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వాళ్ల ఫ్యాక్టరీ, 1924లో దీపాల వెలుగుతో మొదలుపెట్టారు, వెలుగు పెంచినా పని పెరిగింది, తగ్గించినా పెరిగింది, ఎవరో తమను గమనిస్తున్నారంటేనే మనుషులు బాగా పనిచేస్తారు, ఇదీ కథ. మేడం కథగా బాగానే చెప్పారు. కానీ ఆ దీపాల ప్రయోగాల పాత లెక్కలు దొరికితే లెవిట్, లిస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మళ్లీ తిరగేసి, అందరూ చెప్పుకున్నంత సీన్ అందులో లేదని 2011లోనే రాశారన్న సంగతి మాకు రెండో సెమిస్టర్ దాకా ఎవరూ చెప్పలేదు. అది చెప్పింది కూడా స్టాటిస్టిక్స్ సారే.

ఇక ఆయన సంగతికి వస్తా. రెండో సెమిస్టర్‌లో సైకోమెట్రిక్స్, అంటే మనుషుల తెలివినీ గుణాలనీ పరీక్షలతో కొలిచే విద్య, దాంతోపాటు స్టాటిస్టిక్స్. చాలామంది జారుకునేది ఇక్కడే, మా బ్యాచ్ 26 మందిలో ఏడుగురు సంక్రాంతికి ఊరెళ్లి మళ్లీ కనబడలేదు. డీఎస్సీకి చదివినవాళ్లకి విశ్వసనీయత (పరీక్ష ఎన్నిసార్లు పెట్టినా ఒకేలా కొలవడం), సప్రమాణత (కొలవాల్సిందాన్నే కొలవడం) అనే మాటలు కంఠతా వచ్చే ఉంటాయి, నిర్వచనం చెప్పి వదిలేస్తారు కాబట్టి ఎందుకో తెలీదు, అంతే. ఈ సార్ రిటైరైన మనిషి, పార్ట్‌టైమ్‌గా వస్తారు, స్లైడ్లు లేవు. బోర్డు మీద అడ్డగీత గీసి ఎంసెట్ మార్కులన్నారు, నిలువుగీత గీసి ఇంజినీరింగ్ మార్కులన్నారు, చాక్‌పీసుతో టకటకా ఓ వంద చుక్కలు పెట్టారు. ఎడమ కింద నుంచి కుడి పైకి ఏటవాలుగా, పొడుగ్గా కీర దోసకాయలాగా వచ్చింది. అందరికీ కనబడుతోంది కదా అన్నారు. తర్వాత డస్టర్ తీసుకుని ఎడమవైపు మూడొంతులు తుడిచేశారు. "వీళ్లకి సీటు రాలేదు, కాబట్టి వీళ్లు చదివితే ఎంత వచ్చేదో మనకు తెలీదు. ఇప్పుడు మిగిలింది చూసి చెప్పండి." మిగిలింది గుండ్రంగా ఒక ముద్ద, వాలు పెద్దగా కనబడట్లేదు. "ఎంట్రన్స్‌కీ తర్వాతి చదువుకీ సంబంధమే లేదనేవాళ్లు ఈ ముద్దను చూసి అంటారు" అని చేతులు దులుపుకున్నారు.

దీన్నే రేంజ్ రిస్ట్రిక్షన్ అంటారు. ఆ రోజు నాకు క్లాసులో కూర్చోబుద్ధి కాలేదు, ఎందుకంటే అంతకు రెండు నెలల ముందే మా ఆఫీసులో "టెస్టులో ఎక్కువ వచ్చినోళ్లు పనిలో ఏమంత గొప్పగా లేరు" అని చెప్పి ఆన్‌లైన్ టెస్టు తీసేయించింది నేనే. నేను చూసింది మేము తీసుకున్నవాళ్లని మాత్రమే. వద్దనుకున్నవాళ్లంతా తుడిచేసిన చుక్కలు.

అక్కడితో ఆగలేదు ఆయన. ఏ పద్ధతిలో ఎంచితే పనితనాన్ని ఎంతవరకు ముందే చెప్పగలమో 85 ఏళ్ల పరిశోధనలు పోగేసి ష్మిట్, హంటర్ 1998లో ఒక పట్టిక ఇచ్చారు, ఈ సబ్జెక్టులో అది దాదాపు ఎక్కాల పుస్తకం. అందులో 0 అంటే ఆ పద్ధతి ఏమీ చెప్పలేదని, 1 అంటే అచ్చంగా చెప్పేస్తుందని. అందరికీ అవే ప్రశ్నలు వేసి పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూకి 0.51, నోటికొచ్చినట్టు చేసేదానికి 0.38, తెలివితేటల పరీక్షకి 0.51, చేతిరాత చూసి చెప్పేదానికి 0.02. (చేతిరాత చూసి జాతకం చెప్పే ట్రైనర్లని మా ఆఫీసుకు కూడా ఒకసారి పిలిచారు, ఆ బిల్లు ఎంతో చెప్పను.) అయితే ఈ అంకెల్లో తుడిచేసిన చుక్కల కోసం సర్దుబాటు చేశారు కదా, ఆ సర్దడంలో చెయ్యి కాస్త ఎక్కువే ఆడిందని 2022లో సాకెట్ బృందం మళ్లీ లెక్కేసింది. పద్ధతైన ఇంటర్వ్యూ 0.42కి దిగింది, కానీ అదే ఇప్పుడు పట్టికలో పైన ఉంది. తెలివితేటల పరీక్ష 0.31కి పడింది, నోటికొచ్చిన ఇంటర్వ్యూ 0.19. సార్ ఈ రెండు పట్టికలూ పక్కపక్కన రాసి, ఎందుకు మారాయో ఒక ఆదివారం మధ్యాహ్నమంతా చెప్పారు, భోజనానికి కూడా లేవలేదు ఎవరూ.

మూడో సెమిస్టర్ ఇంటర్నల్‌లో ఇదే ప్రశ్న వచ్చింది. ఆ పేపర్ వేరే ఫ్యాకల్టీది. నేను ఎగిరి గంతేసి రెండు పట్టికలూ రాశాను, 5కి 2 వచ్చాయి, 0.42 మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. వెళ్లి అడిగితే "నోట్సులో 0.51 ఉంది కదమ్మా, ఎందుకు కొత్తవి రాస్తారు" అన్నారు. మనుషుల పనిని ఎలా లెక్కగట్టాలో నేర్పే కోర్సులో మా మార్కులు దేన్నిబట్టి వేస్తారన్న ఒక్క కాగితం రెండేళ్లలో నాకు కనబడలేదు.

ఇప్పుడు జీడిమెట్ల. మూడో సెమిస్టర్‌లో జాబ్ ఎనాలిసిస్ ప్రాక్టికల్ ఉంటుంది, ఒక ఉద్యోగాన్ని తీసుకుని అందులో మనిషి నిజంగా ఏం చేస్తాడో విడదీసి రాయాలి. చాలామంది తమ ఆఫీసులోనే కానిచ్చేస్తారు. నాకు క్లాస్‌మేట్ తెలిసినవాళ్ల ద్వారా ఒక చిన్న మందుల యూనిట్లో, మాత్రల స్ట్రిప్పులు ప్యాక్ చేసే లైన్ దగ్గర, మూడు రోజులు నిలబడే అవకాశం దొరికింది. తలకు టోపీ, మూతికి మాస్కు, కాళ్లకు కవర్లు. అక్కడ 15 ఏళ్లుగా పనిచేస్తున్న అక్కని "మీ పని ఏంటక్కా" అంటే "ఏముంది చెల్లె, స్ట్రిప్పులు చూసుడు, డబ్బాల పెట్టుడు" అంది. నా ఫారంలో రెండు లైన్లు నిండాయి, అయిపోయింది.

అప్పుడు ఫ్లానగన్ పద్ధతి గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళంలో పనిచేసిన మనిషి, 1954లో రాశాడు. ఫలానా గుణం ఉందా అని అడగొద్దు, పని బాగా జరిగిన రోజో చెడిపోయిన రోజో ఒకటి చెప్పమను, ఆ రోజు ఎవరేం చేశారో అడుగు అంటాడు. సరే అని, "ఈమధ్య ఎప్పుడైనా మాల్ మొత్తం పోయే పరిస్థితి వచ్చిందా అక్కా" అన్నాను. ఆమె చేతులు ఆగలేదు, స్ట్రిప్పును లైటుకు ఎత్తి పట్టుకుని, వంచి, ఇంకో చేత్తో ఇంకోటి తీసుకుంటూనే చెప్పింది. మొన్న నైట్ షిఫ్టులో మిషన్ చప్పుడు మారిందట. "రోజూ టక్ టక్ టక్ అంటది గద, ఆ రోజు టక్, టటక్ అంటున్నది. ఫాయిల్ ఒక పక్కకు గుంజుతున్నదని సమజైంది, ఆపుమని మొత్తుకున్న." స్ట్రిప్పులు చూస్తే బాగానే ఉన్నాయి, సూపర్‌వైజర్ ఊరికే ఆపావని కోప్పడ్డాడు, రంగు నీళ్లలో ముంచి లీకేజీ టెస్టు చేస్తే గూళ్లలోకి నీళ్లు ఎక్కాయి. చెప్పి నవ్వి, "చెవి వెట్టు, ఇనవడుతదా" అని నన్ను మిషన్ దగ్గరికి లాగింది. అరగంట నిలబడ్డాను, నాకు అన్నీ ఒకేలా వినబడ్డాయి.

ఆ ఉద్యోగానికి గేటు దగ్గర అంటించిన కాగితంలో ఏముందంటే, టెన్త్ పాస్, వయసు 18 నుంచి 30, చురుకైనవారు. వినికిడి గురించి ఒక్క ముక్క లేదు. నా రిపోర్టు 40 పేజీలు వచ్చింది, గైడ్ గారు చదివిన గుర్తేమీ లేదు, మొదటి పేజీ మీద సంతకం ఉంది.

ఇంకో సంగతి. కాకినాడ పేరు ఈ సబ్జెక్టులో ప్రపంచమంతా చదువుతారని మీకు తెలుసా? 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ మెక్‌లెలాండ్ కాకినాడ వ్యాపారస్తులకి, సాధించాలనే తపనను శిక్షణతో పెంచొచ్చా అని పరీక్షించడానికి కోర్సు పెట్టించాడు. 50 మందికి పైగా వచ్చారు, శిక్షణ జరిగింది మన హైదరాబాద్‌లోనే, అప్పట్లో సియెట్ అనే సంస్థలో, ఇప్పుడు యూసుఫ్‌గూడలో నిమ్స్‌మే అంటున్నాం కదా అదే. పోలికకు రాజమండ్రిని పెట్టుకున్నారు. శిక్షణ తీసుకున్నవాళ్లు తర్వాత కొత్త వ్యాపారాలు పెట్టడంలో ముందున్నారని 1969లో వింటర్‌తో కలిసి పుస్తకం వేశాడు. నేను రెండేళ్లు మెట్రోలో యూసుఫ్‌గూడ స్టేషన్ దాటుకుంటూ వెళ్లి షికాగో దీపాల గురించి చదువుకున్నాను, ఇది మాత్రం సిలబస్‌లో లేదు. కారిడార్లో టీ తాగుతూ సార్ చెబితే తెలిసింది.

మిగతావి గబగబా. ల్యాబ్‌లో 12 కంప్యూటర్లుంటే స్టాటిస్టిక్స్ లెక్కలు వేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ పనిచేసేవి నాలుగు, ఇంట్లో ఉచితంగా దొరికే జమోవి వేసుకోండి, థీసిస్‌కి అది చాలు. లిఫ్టు రెండేళ్లలో రెండు నెలలు నడిచింది. ఫ్లెక్సీలో ప్లేస్‌మెంట్ అని ఉంటుంది, మాకొచ్చింది ఒకే ఒక్క ఫోను, అదీ టెలీకాలర్ ఉద్యోగానికి. ఇండస్ట్రియల్ సైకాలజిస్ట్ అనే బోర్డుతో ఉద్యోగాలు ఇక్కడ అరుదు, అసెస్‌మెంట్, పీపుల్ అనలిటిక్స్, ట్రైనింగ్ అని వేరే పేర్లతో వెతుక్కోవాలి. మా అత్తయ్య ఇంకా నన్ను పిచ్చి డాక్టర్ చదువు చదివిందనే చెబుతోంది. ఇది ఆ చదువు కాదు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాల్సింది క్లినికల్ వాళ్లకి, ఈ డిగ్రీతో క్లినిక్ తెరుద్దామనుకుంటే ఫీజు కట్టకండి.

జీతం పెరిగిందా అని అందరూ అడుగుతున్నారు. లేదు. ఇంటర్వ్యూలు మాత్రం మార్చాను. ఒక్కో ఉద్యోగానికి ఆరు ప్రశ్నలు, అందరికీ అవే, అదే వరసలో, ఏ జవాబుకి ఎన్ని మార్కులో ముందే రాసి పెట్టుకుంటాం, ఒకరి మార్కులు ఒకరు చూసుకోకుండా వేశాకే నోరు విప్పాలి. మా మేనేజర్ ఒకాయన "మనిషి తలుపు తీసుకుని వచ్చే తీరులోనే తెలిసిపోద్దండీ" అంటూ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, ఊరు ఏదని అడగబోయి నా వైపు చూసి ఆగిపోతాడు.

చేరాలనుకునేవాళ్లు ఫీజు కట్టే ముందు ఆఫీసులో ఒక్కటే అడగండి, సైకోమెట్రిక్స్ పేపర్ ఈ ఏడాది ఎవరు చెబుతున్నారని. ఆ సార్‌కి గంటల లెక్కన ఇస్తారు, పోయిన సెమిస్టర్ డబ్బులు ఇంకా రాలేదని ఆఖరి క్లాసు రోజు నవ్వుతూనే అన్నారు. ఆయన రావట్లేదంటే నా 3.5లోంచి రెండు తీసేసి చూసుకోండి.