ఫుజి వీకెండ్ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు హట్ బుకింగ్ ఉందో లేదో మీరే కనుక్కోండి

జపాన్ టూర్‌కి వెళ్లి, మధ్యలో ఒక శని, ఆదివారం ఫుజి పర్వతం ఎక్కుదామనుకునే ఫ్రెండ్స్ గ్రూపుల కోసం ఈ పోస్టు. హట్ అంటే కొండ దారిలో రాత్రికి పడుకునే బస. "హట్‌లో బస, గైడ్, పూర్తి గేర్, శిఖరం మీద సూర్యోదయం, అన్నీ కలిపి" అంటూ సోషల్ మీడియాలో అమ్ముతున్న ప్యాకేజీ ఒకటి కొన్నాం. శనివారం గేటు కూడా దాటకుండా వెనక్కి వచ్చాం. మనిషికి 36,000 యెన్లు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్లకి పేరు మార్చుకోవడం నిమిషాల పని కాబట్టి, వాళ్లు ఎలా అమ్ముతారో తెలిస్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందు అక్కడి రూల్స్ తెలియాలి. అవి తెలియనివాళ్లకే ఈ ప్యాకేజీ అమ్ముడుపోతుంది. ఫుజి ఎత్తు 3,776 మీటర్లు. పైకి నాలుగు దారులున్నాయి: యోషిదా, సుబాషిరి, గోటెంబా, ఫుజినోమియా. యోషిదా దారి యమనాషి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) వైపు ఉంటుంది, మిగతా మూడూ షిజువోకా వైపు. టోక్యో నుంచి బస్సులు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి టూరిస్టుల్లో ఎక్కువమంది యోషిదాకే వెళ్తారు. దారిలోని మజిలీలని స్టేషన్లు అంటారు. బస్సు దిగేది ఐదో స్టేషన్‌లో, అంటే దాదాపు 2,300 మీటర్ల దగ్గర. అసలు ఎక్కడం అక్కడే మొదలవుతుంది. సీజన్ చాలా చిన్నది, జులైలో మొదలై సెప్టెంబర్ 10తో అయిపోతుంది.

2024లో యోషిదా దారికి గేటు పెట్టారు. మనిషికి 2,000 యెన్ల ఫీజు, రోజుకి 4,000 మంది పరిమితి, సాయంత్రం 4 నుంచి తెల్లవారుజాము 3 దాకా గేటు మూత. 2025లో ఇంకా బిగించారు. ఫీజు 4,000 యెన్లయింది, గేటు మధ్యాహ్నం 2కే మూసేయడం మొదలుపెట్టారు. అదే ఏడాది షిజువోకా వైపు మూడు దారుల్లోనూ 4,000 యెన్ల ఫీజు, మధ్యాహ్నం 2 రూలు వచ్చాయి. మూసిన తర్వాత లోపలికి వెళ్లాలంటే పైన ఏదో ఒక హట్‌లో ఆ రాత్రికి రిజర్వేషన్ ఉండాలి.

ఈ రూలు ఊరికే పెట్టలేదు. సాయంత్రం బయల్దేరి, నిద్ర లేకుండా రాత్రంతా ఎక్కి, సూర్యోదయం చూసి దిగిపోయేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. ఆగస్టులో కూడా శిఖరం మీద సగటు ఉష్ణోగ్రత 6 డిగ్రీల దగ్గరే ఉంటుంది. దానికి గాలి, వాన తోడైతే చెప్పక్కర్లేదు. అలసట, చలి, ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు కలిసి మనుషులు దారి పక్కన కూలబడిపోతుంటే గేటు పెట్టక తప్పలేదు. రూలు మీద నాకేం కోపం లేదు.

కోపమంతా ఆ రూలుని దాచిపెట్టి అమ్మినవాళ్ల మీద. సూర్యోదయం ప్యాకేజీలో మీరు నిజంగా కొనేది హట్‌లో ఒక పడక. బస్సు టికెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు, బూట్లు ఎక్కడైనా అద్దెకి దొరుకుతాయి. వేసవి శనివారాలకి హట్ పడక దొరకడమే కష్టం. సీజన్‌కి చాలా ముందే అవి నిండిపోతాయి, చాలా హట్లలో భోజనంతో కలిపి మనిషికి పది వేల యెన్లు దాటుతుంది. అలాంటిది ఆగస్టు శనివారానికి, వారం ముందు కూడా "స్లాట్లు ఉన్నాయి, తొందరపడండి" అని ఎవరైనా అంటే, ఆ పడక వాళ్ల చేతిలో ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి. మేం అడిగాం కూడా. "హట్ కన్ఫర్మ్‌డ్" అని ఒక స్క్రీన్‌షాట్ పంపారు. హట్ పేరు, లోగో, తేదీ అన్నీ ఉన్నాయి. బుకింగ్ నంబర్ గురించి అడిగితే, అది గ్రూప్ బుకింగ్ కాబట్టి గైడ్ దగ్గర ఉంటుందన్నారు.

శనివారం టోక్యోలోని షింజుకు నుంచి వ్యాన్ ఆలస్యంగా బయల్దేరింది. దారిలో ఒషినో హక్కాయ్ చెరువుల దగ్గర ఆపారు. చోటు బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ గంట, తర్వాత ఒక బహుమతుల షాపులో ఇంకాసేపు. షాపు దగ్గర మాలో ఒకడు "రెండింటికి గేటు మూస్తారంట కదా" అంటే డ్రైవర్ నవ్వి, మీకు హట్ ఉంది కదా, ఏం టెన్షన్ పడకండి అన్నాడు. ఐదో స్టేషన్ చేరేసరికి మూడు దాటింది.

గేటు దగ్గర సిబ్బంది మర్యాదగానే మాట్లాడారు. స్క్రీన్‌షాట్ చూసి, ఈ హట్ ఇక్కడ లేదు, ఫుజినోమియా దారిలో ఉంది అన్నారు. అంటే కొండకి అవతలి వైపు, వేరే ప్రిఫెక్చర్‌లో! అయినా పాపం, ఆ హట్‌కి ఫోన్ చేసి మా అందరి పేర్లూ, అమ్మినవాళ్ల పేరూ చెప్పి అడిగారు. ఏ పేరు మీదా బుకింగ్ లేదు. అమ్మినవాళ్లకి మేం చేసిన ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఎత్తేవాళ్లు లేరు. మెసేజ్‌కి నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

గైడ్ ఎవరని చూస్తే, ఆ డ్రైవరే గైడ్. అతనిచ్చిన సలహాలు వింటే మీకూ ఒళ్లు మండుతుంది. వెనకాల వచ్చే పెద్ద గ్రూపులో కలిసిపోయి లోపలికి నడవమన్నాడు. గేటు దాటినవాళ్లందరి చేతికీ రిస్ట్‌బ్యాండ్ కడుతుంటే కలిసిపోవడం ఏమిటి? అది కుదరకపోతే తెల్లవారుజాము 3 దాకా ఐదో స్టేషన్‌లో కూర్చోమన్నాడు. చీకటి పడ్డాక అక్కడ చలి ఎముకల్లోకి దిగుతుంది. పైగా 3కి మొదలుపెడితే శిఖరానికి ఐదారు గంటలు. సూర్యోదయం ఐదు లోపే అయిపోతుంది.

గేర్ సంగతి కూడా చెప్పాలి. "పూర్తి గేర్" అంటే మా చేతికొచ్చింది ఒక్కో పల్చటి ప్లాస్టిక్ పోంచో, ఒక్కో టార్చి. కొండ మీద గాలికి పోంచో పైకి ఎగిరిపోతుంది, కింద ప్యాంటు తడిసి ముద్దవుతుంది. అక్కడ కావాల్సింది కోటు, ప్యాంటు విడివిడిగా ఉండే రెయిన్ సూట్, చీలమండ దాకా పట్టుకునే బూట్లు, తలకి పెట్టుకునే లైటు. 2025 నుంచి యోషిదా గేటు దగ్గర సరైన దుస్తులు, బూట్లు లేనివాళ్లని వెనక్కి పంపే అధికారం కూడా సిబ్బందికి ఉంది. కాబట్టి హట్ బుకింగ్ నిజమైనదే అయినా, ఆ పోంచోలతో మమ్మల్ని వదిలేవారని నాకు నమ్మకం లేదు.

ఆ సాయంత్రం బస్సు పట్టుకుని కొండ కింద ఉన్న కవగుచికోకి దిగి, దొరికిన చోట పడుకున్నాం. ఆదివారం పొద్దున్నే మాలో కొందరు సొంత డబ్బుతో 4,000 యెన్లు కట్టి ఏడో స్టేషన్ దాకా ఎక్కి వచ్చారు. మిగతావాళ్లకి ఆ మూడ్ కూడా మిగల్లేదు.

ఇక రీఫండ్. సోమవారం అమ్మినవాళ్లు నోరు విప్పారు. "అనుకోని ప్రభుత్వ ఆంక్షల వల్ల యాత్ర ఆగిపోతే డబ్బు వాపసు ఉండదు" అన్న నిబంధన చూపించారు. సీజన్ మొదలవ్వకముందే ప్రకటించి, వెబ్‌సైట్లో పెట్టి, గేటు పక్కన బోర్డు కట్టిన రూలు అనుకోనిది ఎలా అవుతుంది? పైగా మమ్మల్ని ఆపింది ఆంక్ష కాదు, వాళ్లు అమ్మిన రిజర్వేషన్ లేకపోవడం. ఈ తేడాని ప్రతి మెయిల్లోనూ పట్టుకుని వదలకండి, ఎందుకంటే వాళ్లు ప్రతిసారీ మాట వాతావరణం మీదకి, ప్రభుత్వం మీదకి మళ్లిస్తారు.

మాకు బాగా పనికొచ్చిన సాక్ష్యం హట్ ఇచ్చిన జవాబు. తేదీ, పేర్లు రాసి "ఈ బుకింగ్ మీ దగ్గర ఉందా" అని హట్‌కి మెయిల్ పెడితే, లేదని రాతపూర్వకంగా వచ్చింది. దాంతో పాటు ప్యాకేజీ ప్రకటన స్క్రీన్‌షాట్, వాళ్లు పంపిన ఆ దొంగ కన్ఫర్మేషన్, గేటు బోర్డు ఫొటో కలిపి కార్డు బ్యాంకుకి పంపాం. డబ్బు తీసుకుని సేవ అందించలేదన్న కారణంతో చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన డబ్బుని బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం) అడిగితే, కార్డు మీద కట్టిన అడ్వాన్స్ వెనక్కి వచ్చింది. "కార్డు చార్జీలు మిగులుతాయి" అని చెప్పి బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌గా తీసుకున్న మిగతా సొమ్ము ఇప్పటికీ రాలేదు. ట్రాన్స్‌ఫర్ చేస్తే డిస్కౌంట్ ఇస్తామంటే, ఆ డిస్కౌంట్ ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

జపాన్‌లో టూర్లు అమ్మేవాళ్లకి ట్రావెల్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టం ఉంది. ఆ నంబర్ అడగండి. నిజమైన ఏజెన్సీ అయితే వెంటనే ఇస్తుంది, చాలావరకు సైట్ కింది భాగంలోనే ఉంటుంది. మేం తర్వాత అడిగితే "మేం ఏజెన్సీ కాదు, ట్రావెల్ కమ్యూనిటీ" అని జవాబొచ్చింది. కమ్యూనిటీకి 36,000 యెన్లు ఎందుకో మరి. అక్కడి నేషనల్ కన్స్యూమర్ అఫైర్స్ సెంటర్ విదేశీ టూరిస్టుల కోసం ఒక హాట్‌లైన్ నడుపుతుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు. డబ్బు వాళ్లే ఇప్పించరు కానీ, ఎవరికి ఏం రాయాలో స్పష్టంగా చెప్తారు.

ప్రకటన చూసినప్పుడు ప్రయాణ సమయాలు జాగ్రత్తగా చదవండి. ఐదో స్టేషన్ చేరే సమయం మధ్యాహ్నం 2 తర్వాత అని ఉంటే, ఆ ప్యాకేజీ మొత్తం హట్ రిజర్వేషన్ మీదే నిలబడి ఉందన్నమాట. ఏ హట్, ఏ దారిలో, ఎవరి పేరు మీద, ఈ మూడూ డబ్బు కట్టకముందే రాసివ్వమనండి. రాసిచ్చాక హట్‌కి మీరే మెయిల్ చేయండి లేదా ఫోన్ చేయించండి. 4,000 యెన్ల గేటు ఫీజు ధరలో కలిసే ఉందా అని కూడా అడగండి. మా ప్యాకేజీలో "అన్నీ కలిపి" అంటే అది కలవలేదు.

గైడ్ ఉన్నాడంటే అతను డ్రైవర్ కాదు కదా అని తప్పకుండా అడగండి. గైడ్ అవసరం ఎక్కడంలో కన్నా దిగడంలో తెలుస్తుంది. యోషిదా, సుబాషిరి దారులు దిగేటప్పుడు కొంత దూరం కలిసే వచ్చి, ఎనిమిదో స్టేషన్ దగ్గర విడిపోతాయి. అలసటలో బోర్డు చూసుకోకుండా దిగితే వేరే ప్రిఫెక్చర్‌లో తేలతారు. మీ బస్సు, మీ సామాను ఇటువైపు, మీరు అటువైపు.

ఇలాంటి ప్యాకేజీకి ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, స్క్రీన్‌షాట్‌లో ఉన్న హట్‌కి ఈరోజే మెయిల్ పెట్టండి. బుకింగ్ లేదని వస్తే, అమ్మినవాళ్లతో వాదన తర్వాత చూసుకోవచ్చు, ముందు కార్డు బ్యాంకుకి రాయండి. చార్జ్‌బ్యాక్‌కి గడువుంటుంది. "వచ్చే వారం చూస్తాం" అంటూ వాళ్లు సాగదీసేది ఆ గడువు దాటించడానికే.